వేరుశనగ గింజకు రెండు కాపలాలు: ఏది ఎప్పుడు చెడుతోంది?

(మా వాణిజ్య విలేఖరి)

వేరుశనగ గింజల ఎగుమతిలో సరకు తిరిగి వచ్చినప్పుడు జరిగే తగాదా వర్తక లోకానికి కొత్త కాదు. అవతలి రేవులో పరీక్షకు నిలిపిన సరకులో అఫ్లాటాక్సిన్ పరిమితికి మించి ఉన్నదని కబురు వస్తుంది. ఎగుమతిదారు మిల్లు యజమానిని నిలదీస్తాడు. మిల్లు యజమాని కమీషన్ వ్యాపారి మీదకు నెడతాడు. కమీషన్ వ్యాపారి, రైతు కాయ సరిగా ఆరబెట్టలేదంటాడు. రైతు వాన మీద పెడతాడు. రానుపోను ఓడ కిరాయి, పరీక్ష ఖర్చు, పడిపోయిన ధర ఆఖరికి ఎవరో ఒకరి ఖాతాలో పడతాయి. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం ఏ ఖాతాలోనూ పడదు.

ఈ తగాదాలో ఎవరూ వాంగ్మూలం అడగని పార్టీ ఒకటి ఉన్నది. అది గింజ. గింజ ప్రాణమున్న వస్తువు. బూజు తన మీదకు వచ్చినప్పుడు అది ఊరికే పడి ఉండదు, తన కాపలా తాను చూసుకుంటుంది. ఆ కాపలా ఏ పద్ధతి మీద నడుస్తుంది, ఎప్పుడు తెగిపోతుంది అన్న సంగతి తెలిస్తే, తిరిగి వచ్చే సరకులో చాలా భాగం తూకానికి రాకముందే పోల్చుకోవచ్చునని ఈ విలేఖరి అభిప్రాయం. నేను చదివినది కామర్సు. జీవశాస్త్రం పుస్తకం తెరవడానికి మొదట జంకిన మాట నిజమే. తెరిచి చూస్తే అందులో కనిపించినది చాలావరకు మనకు తెలిసిన లెక్కే: స్థిర వ్యయం, చర వ్యయం.

జీతగాడు, కూలివాడు

ఏ గోడౌనులోనైనా రెండు రకాల మనుషులు ఉంటారు. రాత్రి కాపలావాడు నెల జీతం మీద ఉంటాడు. దొంగ వచ్చినా రాకున్నా జీతం ఇవ్వవలసిందే. హమాలీ అలా కాదు. లారీ వస్తే పిలుస్తాము, బస్తాకు ఇంత అని ఇస్తాము, లారీ లేని రోజు ఖర్చు లేదు. ప్రాణులన్నీ తమ లోపలి పనులను ఈ రెండు పద్ధతుల మీదనే నడుపుతున్నాయి. ప్రతి జీవకణంలోనూ వేలాది జన్యువులు ఉంటాయి. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క సరకు తయారీకి రాసిపెట్టిన విధానపత్రం వంటిది. కొన్ని జన్యువులు ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయి. వీటిది నిరంతర వ్యక్తీకరణ అంటారు. మరికొన్ని బయటినుంచి కబురు వచ్చినప్పుడే మేల్కొంటాయి. వీటిది ప్రేరిత వ్యక్తీకరణ.

ఈ లెక్కను మొట్టమొదట విడమరచి చూపినవారు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో. 1961లో వారు ప్రచురించిన వ్యాసం మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా గురించినది. పాల చక్కెరను జీర్ణం చేసుకొనే ఎంజైమును ఆ బాక్టీరియా మామూలుగా తయారు చేయదు. పాల చక్కెర ఎదురుపడితే నిమిషాల మీద తయారీ మొదలుపెడుతుంది. చక్కెర అయిపోతే ఆపేస్తుంది. ఆ జన్యువు మీద ఒక తాళం ఉన్నదనీ, చక్కెర వచ్చి ఆ తాళం తీస్తుందనీ వారు తేల్చారు. తాళం చెడిన బాక్టీరియాలు కూడా వారికి దొరికాయి. అవి చక్కెర ఉన్నా లేకున్నా గానుగ తిప్పుతూనే ఉంటాయి. 1965లో ఆండ్రే ల్వాఫ్‌తో కలిపి ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆర్డరు చేతికి వచ్చాక సరకు తయారు చేయించే వర్తకుడికి ఇందులో వింత ఏమీ కనిపించకపోవచ్చు.

మన యార్డులకు వచ్చే సరకుల్లోనే రెండు రకాల కాపలాలకూ ఉదాహరణలు ఉన్నాయి. మిర్చి కాయలో గింజలు అంటుకొని ఉండే తెల్లటి పొరలో ఘాటు పుడుతుంది. కాయను ఎవరైనా కొరికేదాకా అది ఆగదు. కాయ ఎదిగేటప్పుడే ఘాటూ తయారై కూర్చుంటుంది. ఇది జీతం మీద కాపలా. ఆవాలది మధ్యరకం పద్ధతి. మందు ఒక అరలో, నిప్పు ఒక అరలో అన్నట్టు రెండు పదార్థాలను గింజ విడివిడిగా నిలవ ఉంచుకుంటుంది. నూరి నీళ్లు తగిలిస్తే అవి కలిసి ఘాటు లేస్తుంది. నూరక ముందు ఆవగింజను వాసన చూస్తే ఏమీ లేకపోవడానికి కారణం ఇదే. ఆవకాయ పెట్టే ఇల్లాళ్లకు ఇది చెప్పవలసిన పని లేదు.

పొగాకు మాత్రం కూలికి పిలిచే పద్ధతిలో ఆరితేరిన మొక్క. నికోటిన్ ఎప్పుడూ కొంత ఉంటుంది. అయితే పురుగు ఆకు కొరికితే కబురు వేరుకు పోతుంది, అక్కడ నికోటిన్ తయారీ పెరుగుతుంది, పెరిగిన సరకు కాండం వెంట ఆకులకు చేరుతుంది. రైతు పొగాకు తలలు తుంచినప్పుడు ఆకులో నికోటిన్ పెరగడానికి గల కారణాల్లో ఇదొకటి. మొక్క లెక్కలో తల తెగడం కూడా గాయమే. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులు తరతరాలుగా ఈ మీటను నొక్కుతూనే ఉన్నారు. ఆ కబురు మోసే పదార్థం పేరు జాస్మొనేట్. మొదట జాజి నూనెలో దొరికింది గనుక ఆ పేరు వచ్చింది. ఒక ఆకును పురుగు కొరికితే కొరకని ఆకులు కూడా కాపలాకు సిద్ధమవుతాయని 1972లోనే అమెరికాలో బంగాళదుంప, టమాటా మొక్కల మీద రుజువు చేశారు.

కాపలా ఖర్చు ఎంత?

అన్నీ జీతం మీద కాపలా పెట్టుకొని నిశ్చింతగా ఉండవచ్చు గదా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు రెండు ప్రయోగాల్లో ఉన్నది.

అమెరికాలోని యూటా ఎడారిలో పెరిగే అడవి పొగాకు మొక్కల మీద ఇయాన్ బాల్డ్విన్ పరిశోధన చేసి 1998లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని మొక్కలకు జాస్మొనేట్ పూసి, పురుగు రాకముందే కాపలాను లేపారు. పురుగు పడినచోట ఆ మొక్కలు మిగిలినవాటి కంటే ఎక్కువ విత్తనాలు ఇచ్చాయి. పురుగు పడనిచోట మాత్రం వాటికి తక్కువ విత్తనాలు వచ్చాయి. దొంగతనం జరగని ఏడాది బీమా ప్రీమియం నష్టం పద్దులో పడినట్టే.

రెండోది ఇంకా చెప్పుకోదగ్గది. 1997లో జర్మనీ పరిశోధకులు స్టిల్బీన్ సింథేజ్ అనే జన్యువును పొగాకు మొక్కలో పెట్టి, ఎప్పుడూ ఆగకుండా పని చేసేటట్టు అమర్చారు. వేరుశనగకూ ద్రాక్షకూ బూజు నుంచి రక్షణ ఇచ్చే పదార్థాలను తయారు చేసే జన్యువు ఇదే. వాటిలో అది ప్రధానంగా ప్రమాదం వచ్చినప్పుడు లేచేది. పొగాకులో దానికి రాత్రింబగళ్లు పని పెట్టేసరికి గులాబీ రంగుగా ఉండవలసిన పువ్వులు తెల్లబోయాయి, పుప్పొడి గొడ్డుపోయింది. కారణం ముడిసరకు. పువ్వు రంగుకు, పుప్పొడికి పనికివచ్చే ముడిసరకూ, కాపలా మందుకు కావలసిన ముడిసరకూ ఒకటే. కాపలావాడే గోడౌనులో సరకంతా తినేశాడన్న మాట.

వేరుశనగలో ఈ జన్యువు ఆర్డరు మీద పని చేయడం మొక్క బద్ధకం కాదని దీనివల్ల తెలుస్తున్నది. మనకు నష్టం కూడా సరిగ్గా ఆ పద్ధతిలోనే దాగి ఉన్నది.

విషం కథ

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. ఆరా తీయగా బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ పిండి దాణాలో కలిసిందని తేలింది. ఆ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారు చేసిన విషం దొరికింది. బూజు పేరులోని అక్షరాలు కలిపి దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా కాలేయ వ్యాధితో మరణించారు. ఆ మరణాలకు కారణాన్ని పరిశోధించినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే ఇది కాలేయ క్యాన్సర్ తెస్తుందని కూడా నిర్ధారణ అయింది. అందుచేత దిగుమతి దేశాల పట్టింపు ఒట్టి చాదస్తం కాదని మనవారు గ్రహించాలి.

యూరప్ దేశాల పరిమితి నేరుగా తినే గింజలకు, అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు. అంటే శతకోటికి 4 పాళ్లు. బస్తాల లెక్కలో చెప్పాలంటే 1000 టన్నుల గింజల్లో 4 గ్రాములు. అమెరికా పరిమితి శతకోటికి 20 పాళ్లు. ఇంకా శుద్ధి చేయవలసిన గింజలకు కోడెక్స్ సంస్థ పెట్టిన పరిమితి 15 పాళ్లు.

ఈ విషం సరకంతటా సమంగా పరుచుకొని ఉంటే వ్యాపారం సులువే. అలా ఉండదు. బాగా చెడిన ఒక్క గింజలో శతకోటికి పది లక్షల పాళ్ల దాకా విషం ఉండగలదు. అటువంటి అర గ్రాము గింజలో 500 మైక్రోగ్రాములు ఉన్నట్టు. కిలోకు 4 చొప్పున లెక్క కట్టండి. ఒక్క గింజ 125 కిలోలను, అంటే 50 కిలోల బస్తాలు రెండున్నరను యూరప్ హద్దుకు చేరుస్తుంది. దోసిట్లోకి తీసుకొని చూసి, నాలుగు గింజలు నోట్లో వేసుకొని ధర కట్టే మన పద్ధతికి ఇది అందదు. ఒకే లాటు మొదటిసారి నెగ్గి రెండోసారి తప్పడానికి కూడా ఇదే కారణం. పరీక్ష చేసినవారి నిజాయితీని అనుమానించవలసిన అవసరం ప్రతిసారీ ఉండదు. యూరప్‌లో పెద్ద లాటు నుంచి 100 చోట్ల తీసి 20 కిలోల నమూనా కూర్చేది అందుకే.

భూమిలో ఏం జరుగుతుంది

వేరుశనగ పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. ఊడ మట్టిలోకి దిగి కాయగా మారుతుంది. ఆ మట్టిలోనే ఆస్పర్‌జిల్లస్ బూజు కాపురం ఉంటుంది. కందికి, శనగకు లేని చిక్కు ఇది. దొంగల వీధిలో ఇల్లు కట్టుకున్నట్టు, కాయ మొదటి రోజు నుంచి శత్రువు మధ్యనే పెరుగుతుంది.

దానికి జీతం మీద కాపలాలు రెండు. ఒకటి పైన గట్టి డొల్ల. రెండోది గింజ మీది ఎర్రటి పొర. ఆ పొరలో మైనం, టానిన్లు ఉండి బూజును కొంత అడ్డుకుంటాయి. చెద పురుగు డొల్లను గీరినా, తవ్వేటప్పుడు పార తగిలినా, ఒలిచేటప్పుడు పొర చిట్లినా ఈ కాపలా అంతటితో సరి. తిరిగి కట్టుకోవడం లేదు.

కూలికి పిలిచే కాపలా స్టిల్బీన్లు. బూజు పోగు గింజను తాకితే, లేదా గింజకు గాయమైతే, ఇంతకు ముందు చెప్పిన జన్యువు లేస్తుంది. తయారీ కొద్ది గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో గాయం చుట్టూ బూజును నిలవరించే మందు పోగవుతుంది. ఇటువంటి మందులకు ఫైటోఅలెక్సిన్లు అని పేరు. జర్మనీలో బంగాళదుంప తెగులు మీద పని చేసిన ముల్లర్, బోర్గర్ 1940లో పెట్టిన పేరు అది. వేరుశనగలో రెస్వెరట్రాల్ ఈ పని చేస్తున్నదని 1976లో వెల్లడైంది. ద్రాక్ష సారాయిలో ఉన్నదని పత్రికలు ఊదరగొట్టే రెస్వెరట్రాల్ ఇదే. నీరు పుష్కలంగా ఉన్న గింజ, బూజు మధ్యనే ఉండి కూడా, చాలావరకు ఈ మందుతో నెగ్గుకు వస్తుంది.

నీరు ఉన్నంత కాలమే. అసలు సంగతి ఇక్కడే ఉన్నది.

గింజలో తేమ శాతం ఎంత అని మనం అడుగుతాము. శాస్త్రజ్ఞులు అడిగేది వేరు. ఆ తేమలో పనికి దొరికే నీరు ఎంత అని వారు అడుగుతారు. ఆస్తి అప్పుల పట్టీలో లక్షలు కనిపించవచ్చు, ఇవాళ చెల్లింపుకు గల్లాపెట్టెలో ఉన్నది వేరు గదా. అలాగన్న మాట. దీన్ని జల క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. గింజ లోపలి జల క్రియాశీలత సుమారు 0.95 కంటే దిగితే గింజ మందు తయారు చేసే శక్తి కోల్పోతుంది. అయితే బూజు అంతటితో ఆగదు. సుమారు 0.80 దాకా అది పెరగగలదు, 0.85 దాకా విషం తయారు చేయగలదు. అంటే 0.95కూ 0.85కూ మధ్య ఒక సందు ఉన్నది. ఆ సందులో గింజ ఫ్యాక్టరీ మూతపడి ఉంటుంది, బూజు ఫ్యాక్టరీ మూడు షిఫ్టులు నడుస్తూ ఉంటుంది.

అమెరికా జార్జియా రాష్ట్రంలోని జాతీయ వేరుశనగ పరిశోధనాలయంలో డోర్నర్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని నేలలో పంట ఉండగానే కొలిచి చూపింది. బెట్ట తగిలి గింజలో నీరు తగ్గిన కొద్దీ మందు తయారీ పడిపోయింది. అది పడిపోయాకనే విషం కనిపించింది. లేత గింజలు, చిన్న గింజలు ముందుగా లొంగిపోయాయి. బాగా ముదిరిన గింజ మరికొంత కాలం నిలిచింది. ఆ నిలకడకు మందు ఒక్కటే కారణం కాదని కూడా వారు రాశారు.

ఎంత బెట్ట అయితే ప్రమాదం? మొత్తం వర్షపాతం ఎంత అన్నది అంత ముఖ్యం కాదు. కోతకు ముందు చివరి 3 నుంచి 6 వారాలు ముఖ్యం. అప్పుడు వాన ముఖం చాటేసి, కాయ చుట్టూ మట్టి వేడి 28 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటే బూజుకు పండుగే. అనంతపురం, కర్నూలు ప్రాంతాల ఖరీఫ్ పంట వర్షాధారం. జులైలో విత్తిన పంటకు సెప్టెంబరు చివర, అక్టోబరులో వాన తప్పడం అక్కడ వింత కాదు. పాలమూరు జిల్లాల్లో నీటి కింద పండే యాసంగి పంటకు ఆఖరి వారాల్లో తడి అందుతుంది. వర్షాధారపు సరకు కంటే నీటి కింద పండిన సరకులో విషం తక్కువగా కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. రెండు సరకులనూ ఒకే కుప్పలో పోసి సగటు ధర కట్టడం వల్ల మంచి సరకుకు రావలసిన ధర పోతున్నదని ఈ విలేఖరికి అనిపిస్తుంది.

నీళ్లు చల్లడం

చివరి బెట్ట రైతు చేతిలో లేదు, వర్తకుడి చేతిలోనూ లేదు. చేతిలో ఉన్నది ఒకటి ఉన్నది. అది చెప్పక తప్పదు, కొందరికి కోపం వచ్చినా సరే.

ఒలిచేటప్పుడు గింజ చిట్లకుండా కాయ మీద నీళ్లు చల్లే అలవాటు మన దేశంలో చాలాచోట్ల ఉన్నది. ఎండిన కాయను మిషనులో వేస్తే బద్దలు ఎక్కువ పడతాయి, నష్టం కనిపిస్తుంది. తడిపితే బద్దలు తగ్గుతాయి, తూకం కూడా కాస్త పెరుగుతుంది. వ్యాపారపరంగా చూస్తే ఇది తెలివైన పనిగానే కనబడుతుంది.

గింజ వైపు నుంచి చూడండి. 7, 8 శాతం తేమకు ఎండిన గింజ నిద్రలో ఉంటుంది. దాని మందు ఫ్యాక్టరీ మూత. బూజు కూడా నీరు లేక పడుకొని ఉంటుంది. ఎండడమే అప్పుడు కాపలా. ఆ స్థితిలో మనం నీళ్లు చల్లుతాము. మొక్కకు పెట్టే తడి కాదు అది, చిలకరింపు. గింజ తన ఫ్యాక్టరీ తెరవడానికి ఆ నీరు చాలదు. బూజు పనికి చాలుతుంది. అంటే పొలంలో దేవుడు చేసిన బెట్టను, సరిగ్గా ఆ 0.95కూ 0.85కూ మధ్య సందును, మనం మిల్లులో చేజేతులా తయారు చేస్తున్నాము. పైగా ఒలిచేటప్పుడు డొల్ల పోతుంది, కొన్ని గింజల పొర పోతుంది. జీతగాణ్ణి పంపించి, కూలివాణ్ణి పిలవకుండా, తలుపులు తెరిచి కూర్చున్నట్టు. తడిపిన సరకును వెంటనే ఆరబెడితే కొంత నయం. గోనె బస్తాల్లో కట్టి లారీ కోసం రెండు మూడు రోజులు దొంతరలో ఉంచితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

బద్దల వల్ల వచ్చే నష్టం మిల్లులోనే కంటికి కనిపిస్తుంది. తడి వల్ల వచ్చే నష్టం నెలన్నర తరువాత వేరే దేశపు రేవులో, వేరే మనిషి ఖాతాలో కనిపిస్తుంది. అలవాటు మానకపోవడానికి కారణం ఇదేనేమో.

ఏరివేత సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విషం ముందుగా ఎక్కేది లేత, ముడత, రంగు మారిన, బద్దలైన గింజల్లోకి గనుక, జల్లెడ పట్టి సన్నగింజ తీసివేయడం, ఆడకూలీల చేత గాని రంగు పట్టే యంత్రాల చేత గాని చెడ్డ గింజ ఏరించడం బాగా పని చేస్తాయి. కంటికి మంచిగా కనిపించే గింజలోనూ విషం ఉండగలదు కాబట్టి పూర్తి భరోసా లేదు. ఏరి తీసిన గింజ ఎక్కడికి పోతున్నది? గానుగకు. నూనెను క్షారంతో శుద్ధి చేస్తే అందులోని విషం పోతుంది. చెక్కలో మాత్రం మిగిలిపోతుంది. ఆ చెక్క పశువుల దాణాకు పోతుంది, అక్కడినుంచి రూపం మార్చుకొని పాలలోకి వస్తుంది. ఎగుమతిలో తప్పించుకున్నది ఇంటి పాలగిన్నెలో తేలడం లాభం పద్దు ఎలా అవుతుంది?

జీతం మీదే పెడితే?

వేరుశనగకు జీతం మీద మంచి కాపలా పెట్టే ప్రయత్నం మన దగ్గరే, హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో జరిగింది. 1972లో అక్కడ నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు, అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రంతో కలిసి చేసిన పని 2017లో ప్రచురితమైంది. లూసర్న్ గడ్డి జాతి మొక్కల నుంచి డిఫెన్సిన్లు అనే కాపలా ప్రొటీన్ల జన్యువులను తెచ్చి వేరుశనగలో పెట్టారు. మరో దారిలో బూజు విషం తయారీ జన్యువులనే అణచివేసే ఏర్పాటు కూడా చేశారు. ప్రయోగశాలలో బూజు అంటించినా విషం దాదాపు లేకుండా పోయింది. జన్యు మార్పిడి పంటలకు ఉన్న అనుమతుల చిక్కులు తెలిసినవే. ఆ వేరుశనగ మార్కెట్‌కు రాలేదు.

వచ్చినా అదే శాశ్వతమని అనుకోవడానికి లేదు. పత్తి వర్తకులు ఆ పాఠం డబ్బు పెట్టి నేర్చుకున్నారు. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలో పురుగు మందు జన్యువును నడిపేది కాలిఫ్లవర్ తెగులు వైరస్ నుంచి తెచ్చిన మీట. అది మొక్క అన్ని భాగాల్లో, అన్ని వేళలా మందు చేయిస్తుంది, పంట ముదిరిన కొద్దీ మోతాదు తగ్గినా. పురుగు ఉన్నా లేకున్నా కాపలా ఉంటుంది. మొదట్లో కాయతొలుచు పురుగు మీద అది బ్రహ్మాండంగా పని చేసింది, దిగుబడులు పెరిగాయి. గులాబీ పురుగుకు మాత్రం పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. తరం తరువాత తరం ఆ మందు మధ్యనే పుట్టి పెరగవలసి వచ్చింది, తట్టుకున్నవే మిగిలాయి. మొదటి జన్యువును గుజరాత్‌లో గులాబీ పురుగు జయించిందన్న సంగతి 2010లో బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల పత్తికీ 2015 నాటికి గుజరాత్‌లో అదే గతి పట్టింది. ఆ తరువాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర జిల్లాల సంగతి గుడ్డికాయ పత్తి కొన్న ప్రతి జిన్నింగ్ మిల్లుకూ తెలుసు. చేను చుట్టూ మామూలు పత్తి వరుసలు వేయాలన్న నిబంధనను మనవారు పట్టించుకోకపోవడం దీన్ని తొందరపెట్టింది. ఆర్డరు మీద లేచే కాపలా అయితే పురుగు ఇంత త్వరగా అలవాటు పడేది కాదని కొందరు వాదిస్తారు. కావచ్చు. కానీ ఆర్డరు మీద లేచేది నీరు లేనప్పుడు లేవదని వేరుశనగ చెబుతున్నది.

కాబట్టి ప్రస్తుతానికి వేరుశనగ వర్తకుడికి మిగిలిన ఆధారాలు పాతవే, అడగవలసిన ప్రశ్నలు మాత్రం కాస్త కొత్తవి. సరకు ఏ ఊరిది అని అడుగుతున్నాము, ఏ రకం అని అడుగుతున్నాము, తేమ మీటరు పెట్టి చూస్తున్నాము. సెప్టెంబరు పదిహేను తరువాత ఆ ఊళ్లో ఎప్పుడెప్పుడు వాన పడింది, తవ్వింది ఏ తేదీన, కాయను తడిపి ఒలిచారా, తడిపితే ఎన్ని గంటలకు ఆరబెట్టారు అన్న సంగతులు కూడా అడిగి లాటు చీటీ మీద రాయించుకోవచ్చు. వర్షపాతం లెక్కలు మండలాల వారీగా దొరుకుతున్నవే. చివరి నెల ఎండిన గ్రామాల సరకును విడిగా పోయించి, ఎగుమతికి పంపకుండా ముందే పరీక్షకు పెడితే ఆ ఖర్చు ఓడ కిరాయిలో చిన్న భాగమే అవుతుంది.

తడిపి ఒలిచిన సరకుకు, పొడిగా ఒలిచిన సరకుకు వేర్వేరు ధర కట్టే పద్ధతి ఏ యార్డులోనైనా మొదలైతే మిల్లుల్లో నీళ్ల పీపాలు వాటంతట అవే మూలన పడతాయి. బద్దల నష్టం ఎవరు భరించాలన్నది మిల్లర్లు, ఎగుమతిదారులు కూర్చొని తేల్చుకోవలసిన బేరం.